టీ పట్రా

మా ఇంట్లో ‘టీ పట్రా’ అంటే టీ తెమ్మని కాదు. నిజంగా టీ కావాల్సినప్పుడు మా ఆయన నోరు తెరిచి అడగడు, ఖాళీ గ్లాసుతో బల్ల మీద కొట్టి ఊరుకుంటాడు. మా మెకానిక్ షెడ్డులో ఎవరిదో కారు బోనెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా నడుం మీద చేతులు వేసుకుని కాసేపు నిలబడి, ఇంటి వైపు తల తిప్పి ‘టీ పట్రా’ అన్నాడంటే మాత్రం, వచ్చి ఈ చప్పుడేమిటో విని చెప్పమని అర్థం. నేను పళ్ళెంలో రెండు గ్లాసులు పెట్టుకుని వెళ్తాను. ఒకటి కారు తెచ్చినవాళ్ళకి, ఒకటి ఆయనకి. ఖాళీ గ్లాసుల కోసం ఎదురుచూస్తున్నట్టు పళ్ళెం పట్టుకుని బోనెట్ పక్కన నిలబడతాను. వాళ్ళు ఊదుకుంటూ తాగడం అయ్యేలోపు నా పని అయిపోతుంది. గ్లాసు అందుకుంటూ, పక్కవాళ్ళకు తెలియకుండా ‘వాటర్ పంపు’ అనో, ‘ముందు చక్రం బేరింగ్, ఎడమది’ అనో గుసగుసగా పెదవులు కదుపుతాను. ఆయన మూతి తుడుచుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, అదే మాట గంభీరంగా చెబుతాడు. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెడతారు.

ఇది మేం కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదు. పెళ్ళైన కొత్తలో నేను షెడ్డు వెనక తీగ మీద బట్టలు ఆరేస్తుంటే లోపల ఒక కారు గరగరమంటోంది. పొద్దున్నుంచీ దాని గేర్లపెట్టె విప్పుకుని ఆయన తల పట్టుకు కూర్చున్నాడు. “ఆ చప్పుడు ముందు నుంచి కదండీ వస్తోంది, మీరు మధ్యలో వెతుకుతున్నారేంటి?” అన్నాను, తడిబట్ట దులుపుతూ. నవ్వాడు. భోజనానికి లేచేలోపు ముందు వైపే దొరికింది. “నీ చెవి బాగుందే” అన్నాడు. ఆ ఒక్కసారే అన్నాడు. ఆ మాటని చాలా ఏళ్ళు దాచుకుని పొదుపుగా వాడుకున్నాను.

ఆ చెవి మా అమ్మది. అమ్మ ఇంట్లో కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టేది. నేను ఆ మిషన్ బల్ల కిందే పెరిగాను. బాబిన్‌లో దారం అయిపోవస్తుంటే చప్పుడులో ఒక తేడా వస్తుంది. అమ్మ కంటే ముందు నేను “అమ్మా, దారం” అనేదాన్ని. అమ్మ మిషన్ ఆపి, వంగి, బల్ల కింద ఉన్న నా తల నిమిరి మళ్ళీ తొక్కేది. నా జీవితంలో నా చెవికి దొరికిన జీతం ఏదైనా ఉంటే అదే.

ఈయనకి మాత్రం పేరొచ్చింది. అసలు పేరు ఎవరికీ గుర్తులేనంతగా ‘చెవి మేస్త్రి’ అయిపోయాడు. కారు మలుపు తిరుగుతుండగానే జబ్బు చెప్పేస్తాడని చెప్పుకుంటారు. ఇంటికి ఎవరొచ్చినా అత్తయ్య అదే కథ మొదలుపెడుతుంది. “మావాడి చెవి వాళ్ళ నాన్న నుంచి వచ్చిందండీ. అచ్చం ఆయనే.” నేను పక్కనే వాళ్ళకి మంచినీళ్ళు ఇస్తుంటాను. నాకు అత్తయ్య మీద కోపం ఉండేది కాదు, నవ్వొచ్చేది. కోపమల్లా ఆ పేరుతో పాటు రాని మిగతావాటి మీద. గ్రీజు పట్టిన బట్టలు వేడినీళ్ళలో నానేసి ఉతికేది నేను. విప్పిన సామాన్లు కిరసనాయిల్‌లో కడిగి పాత గుడ్డ మీద వరసగా ఆరబెట్టేది నేను. ఆయన చెయ్యి పట్టని సందుల్లో నా చెయ్యి సన్నమని బోల్టులు బిగించేది నేను. ఎవరైనా “మీ ఆవిడ ఏం చేస్తుంది?” అని అడిగితే “ఏం చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది” అనేవాడు. అబద్ధం కాదు. షెడ్డుకీ ఇంటికీ మధ్య ఒక తలుపే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ మధ్య కొన్నేళ్ళుగా, నేను గ్లాసు అందుకునేటప్పుడు ఆయన నా మొహంలోకి చూడటం మొదలుపెట్టాడు. అంతకుముందు చూసేవాడు కాదు. కళ్ళలోకి కూడా కాదు, సరిగ్గా పెదవుల వైపు, రెప్ప వేయకుండా. ఈ వయసులో ఇదేమిటని లోపలికి వచ్చాక నాలో నేనే సిగ్గుపడేదాన్ని. ఒకరోజు అద్దంలో చూసుకుని, పెదవులు పగిలాయని వెన్న రాసుకున్నాను కూడా. ఇది ఎవరికీ చెప్పుకోలేదు.

మా ఏర్పాటు చెడగొట్టింది స్పేర్‌పార్టుల షాపాయన. మంచివాడే, నోరు ఊరుకోదు. ఒకరోజు సామాన్లు ఇవ్వడానికి వచ్చి, నేను గ్లాసులు తీసుకుని తిరిగి వెళ్తుంటే అన్నాడు, “ఏం మేస్త్రీ, టీ వచ్చేదాకా నీకు జబ్బు అంతుపట్టదు. ఆ టీలో ఏం కలుపుతుందో మాకూ చెప్పవయ్యా.” కారు తెచ్చినవాళ్ళు కూడా నవ్వారు. ఆయనా నవ్వాడు. లోపలికి వచ్చాక నవ్వలేదు. “రేపట్నుంచి నువ్వు షెడ్డులోకి రానక్కర్లేదు. టీ ఫ్లాస్కులో పోసి బల్ల మీద పెట్టెయ్” అన్నాడు. మర్నాడు కొత్త ఫ్లాస్కు కొనుక్కొచ్చాడు, ఎర్రగా, పెద్దగా ఉంది. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “పాపం, నీకు తిరిగే పని తప్పిందమ్మా, వాడికి నీ మీద ఎంత శ్రద్ధో” అంది.

తిరిగే పని తప్పింది నిజమే. ఆ పళ్ళెం పట్టుకుని నిలబడే కాస్త సేపు నాకు ఏమిటో అది తప్పాకే తెలిసింది. వంటింటి గోడ వెనక నుంచి ప్రతి కారూ వినిపిస్తూనే ఉండేది. ఏది ఏమిటో చెవి దానంతట అదే చెప్పేసేది. చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు.

అప్పుడే నర్సమ్మ కారు వచ్చింది. మంచాన పడ్డవాళ్ళకి ఇళ్ళకు వెళ్ళి కట్లు కట్టే, సూదులు వేసే మనిషి ఆవిడ. చిన్న కారు, తనే నడుపుకుంటుంది. ఆవిడ చూసే రోగుల్లో సగం మంది ఊరి పక్క కొండ మీదే ఉంటారు. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే కీచుకీచుమంటోంది, కాసేపటికి సర్దుకుంటోంది అని తెచ్చింది. మా ఆయన బెల్టు మార్చాడు. కొన్నాళ్ళు ఊరుకుంది. మళ్ళీ తెచ్చింది. ఈసారి బెల్టు మీద సబ్బుముక్క రుద్ది పంపాడు. మూడోసారి వచ్చినప్పుడు ఇంకో కొత్త బెల్టు వేశాడు. గోడ వెనక నేను కూరగాయలు తరుగుతున్నాను. కీచుమనే దానికి తోడు అడుగున ఇంకో చప్పుడు చేరింది, డబ్బాలో ఇసుక వేసి తిప్పుతున్నట్టు. కత్తిపీట పక్కన పెట్టి విన్నాను. అది బెల్టు కాదు.

ఇంజన్ ముందు ఒక పొడవాటి బెల్టు ఉంటుంది. బ్యాటరీకి చార్జింగు, ఇంజన్ చల్లబడటానికి నీళ్ళు తిరగడం, స్టీరింగు తేలిగ్గా తిరగడం, ఇవన్నీ ఆ కారులో దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ బెల్టు వదులు కాకుండా స్ప్రింగు బలంతో ఒక చిన్న చక్రం దాన్ని ఎప్పుడూ నొక్కి పట్టుకుంటుంది. అదే టెన్షనర్ పుల్లీ. అది సొంతంగా ఏదీ తిప్పదు, బిగువు చూసుకోవడమే దాని పని. లోపల బేరింగులో గ్రీజు ఎండిపోతే పుల్లీ ఊగడం మొదలుపెడుతుంది. దాని మీద బెల్టు పక్కకి జరిగి అంచు పీచులు లేస్తుంది. అరిగేది పుల్లీ, అరిచేది బెల్టు. అందుకని అందరూ బెల్టు మారుస్తారు, కొత్తది కొన్నాళ్ళు నోరు మూసుకుంటుంది. ఇక్కడిదాకా వచ్చేసరికి, ఓహో, ఇప్పుడు ఈవిడ పుల్లీని ఆడదాని బతుకుతో పోలుస్తుంది అనుకునేవాళ్ళుంటారు. నేను పోల్చను. పుల్లీకి అత్తగారు ఉండదు, పైగా అరిగిపోతే దాన్ని మారుస్తారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను. “ఆ నర్సమ్మ కారుకి బెల్టు కాదండీ. టెన్షనర్ పుల్లీ పోయింది. బేరింగు గరగరమంటోంది. ఇలాగే వదిలేస్తే కొండ దిగేటప్పుడు బెల్టు ఊడొస్తుంది. స్టీరింగు బిగుసుకుపోతుంది, ఆవిడ ఒక్కతే ఉంటుంది.”

ఆయన పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. మళ్ళీ చెప్పబోతుంటే అత్తయ్య తన బొంగురు గొంతుతో అందుకుంది. “కారులో ఏదో చప్పుడొస్తోందంటోందిరా నీ పెళ్ళాం.”

“నాకేం వినపడట్లేదు” అన్నాడు విసుగ్గా. “దీనికి అన్నీ వినపడతాయి. గోడలో బల్లి నడిచినా వినపడుతుంది. ఆ నర్సు కూడా ఇంతే, భ్రమ.”

ఆ మాట నాకు కొత్త కాదు. కుళాయి కారుతోందంటే, నాకేం వినపడట్లేదు. వెనక తలుపు ఎవరో కొడుతున్నారంటే, నాకేం వినపడట్లేదు. నా మాట కొట్టిపారెయ్యడానికి ఆయనకి చేతికందిన కర్ర అది అనుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ఎందుకో చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాను. మూడుసార్లు ఆ కారు ముందు నిలబడి, ఇంతటి మేస్త్రి, ఆ ఇసుక చప్పుడుని వదిలేసి బెల్టు ఎలా మార్చాడు?

ఆయన గుమ్మం మెట్టు మీద అటు తిరిగి బూట్లు వేసుకుంటున్నాడు. వెనక నిలబడి “ఏమండీ” అన్నాను, రోజూ పిలిచే గొంతుతోనే. లేసు కడుతున్నాడు. లోపల సాయంత్రానికని పెట్టిన కుక్కర్ విజిల్ వేసింది. ఆయన భుజం కదల్లేదు. “ఏమండీ, నాకు ఈ ఇల్లంటే విసుగు పుట్టింది” అన్నాను. రెండో బూటు తీసుకున్నాడు. ఇంతలో లోపలి గదిలోంచి అత్తయ్య “ఒరేయ్” అంది, అంత గట్టిగా కూడా కాదు. వెంటనే తల తిప్పాడు. నన్ను చూసి ఉలిక్కిపడి, “ఇక్కడ నిలబడ్డావేంటి?” అన్నాడు. సరిగ్గా నా పెదవుల వైపు చూస్తూ అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్ళుగా ఆ చూపు ఏమిటో. వెన్న రాసుకున్నది గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఏడవడానికి వెళ్ళాను గానీ ఏడుపు కూడా సరిగ్గా రాలేదు, లెక్కలు తేలడం లేదు. ఇన్నాళ్ళూ ఆయన నా మాట వినడని నా ఫిర్యాదు. వినకపోవడం వేరు, వినపడకపోవడం వేరు. ఏ ఏడాది వరకు వినలేదు? ఏ ఏడాది నుంచి వినపడలేదు? ఎక్కడ గీత గీయాలి? ఒక్కో సంగతీ బయటికి తీసి చూసుకున్నాను. అన్నిటికంటే అడుగున అమ్మ సంగతి ఉంది. అమ్మకి బాలేదని కబురొచ్చిన రోజు నేను షెడ్డు గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన ఇంజన్ మీద వంగి ఉన్నాడు, వీపు నా వైపు. “అమ్మకి బాలేదటండీ, వెళ్ళొస్తాను” అన్నాను. ఏమీ అనలేదు. స్పానరు తిప్పుతూనే ఉన్నాడు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. మా ఇంట్లో మౌనమంటే వద్దని. అత్తయ్య దగ్గర కూడా అంతే, ఒకసారి అడగాలి, జవాబు రాకపోతే అదే జవాబు. వారం తిరక్కుండా అమ్మ పోయింది. కబురు విని ఆయన అన్న మాట, “బాలేదని ముందే నాతో చెప్పొచ్చు కదా.” ఆ ఒక్క మాటకి ఆయన్ని నేను క్షమించలేదు. చెప్పించుకుని, వినీ విననట్టు ఊరుకుని, పైగా నాతో ఇలా అంటాడా అని. ఆ కోపంతోనే ఇన్నేళ్ళు అన్నం వడ్డించాను. ఇప్పుడు చూస్తే, పాపం, ఆయన నిజమే చెప్పాడేమో. అసలు వినపడి ఉండదేమో. ఆ కోపాన్ని ఇప్పుడు నేనెక్కడ పెట్టుకోవాలి? అమ్మ లేదు, కోపానికి చోటు లేదు. కానీ ఒకటి మాత్రం చెవి మీదకి తొయ్యలేకపోయాను. కన్నతల్లి కోసం కూడా రెండోసారి అడగలేని ఇల్లు ఇది. దానికి ఏ చెవీ కారణం కాదు.

నాలుగు రోజుల తర్వాత, ఆయన ఎక్కడో దారిలో ఆగిపోయిన లారీ చూడటానికి వెళ్ళిన పూట, నర్సమ్మ వచ్చింది. కారు గేటు దగ్గరికి రాకముందే గరగర వినిపించింది. నేను గుమ్మంలోకి వెళ్ళాను.

“మేస్త్రి గారు లేరా?” అంది దిగుతూ. “రేపు కొండ మీద నుంచి ఒక పెద్దాయన్ని ఆసుపత్రికి దింపాలి అక్కా. ఈ చప్పుడు వింటుంటే భయంగా ఉంది. మొన్న అడిగితే నాకేం వినపడట్లేదు, మీ భ్రమ అన్నారు.”

“అలాగే అన్నారా?” అన్నాను. అదే మాట ఇంకో ఆడమనిషికి కూడా చెప్పాడని వింటే కాస్త ధైర్యంగా అనిపించింది. “నాకు వినపడుతోంది. మూడు వారాల నుంచి వినపడుతోంది.”

ఆవిడ నా వైపు చూసిన చూపుకి నేను బోనెట్ ఎత్తక తప్పలేదు. ఇంజన్ నడుస్తుండగా దూరంగా నిలబడి చూపించాను. పుల్లీని మోసే టెన్షనర్ చెయ్యి ఒకచోట నిలవకుండా వణుకుతోంది. కొత్తగా వేసిన బెల్టు అప్పుడే ఒక పక్కకి ఒరిగి పరిగెడుతోంది. దూరం నుంచి బెల్టు మీద కాసిని నీళ్ళు చిలకరించాను. కీచుమనేది ఆగింది, గరగర ఆగలేదు. నీళ్ళకి లొంగితే బెల్టు, లొంగకపోతే బేరింగు అని చెప్పాను. పొడుగు స్క్రూడ్రైవర్ మొన పుల్లీ బోల్టు దగ్గర కదలని చోట ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. తర్వాత ఆవిడకీ ఇచ్చాను. ఆవిడ కళ్ళు మూసుకుని విని, “ఇది బతకదు” అంది, రోగుల ఇళ్ళలో అనేటంత మెల్లిగా.

షాపాయనకి ఫోన్ చేశాను. “మేస్త్రికివ్వమ్మా” అన్నాడు. ఆయన లేరు, నాకే కావాలన్నాను. “బెల్టేనా, మళ్ళీ?” అన్నాడు. “బెల్టు కాదు. టెన్షనర్, పుల్లీతో సహా.” ఎవరితోనూ పంపకుండా తనే పట్టుకొచ్చాడు. ఇచ్చి వెళ్ళకుండా అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఫ్లాస్కులోంచి టీ కూడా పోసుకున్నాడు.

ఇంజన్ ఆపి, బ్యాటరీ తీగ తప్పించాను. బెల్టు ఏ చక్రం పైనుంచి, ఏ చక్రం కిందనుంచి వెళ్తోందో చాక్‌పీసుతో నేల మీద గీసుకున్నాను. అది మర్చిపోతే మళ్ళీ ఎక్కించడం నా వల్ల కాదు. టెన్షనర్‌కి పొడుగు పిడి స్పానరు తగిలించి ఒంటి బరువంతా వేసి లాగి పట్టుకుంటే, నర్సమ్మ బెల్టు తప్పించింది. మిగతా పుల్లీలు ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూశాను, నున్నగా తిరిగి ఆగిపోయాయి. టెన్షనర్‌ది తిప్పితే ఆగదు, గలగలమంటూ తిరుగుతూనే ఉంటుంది, అటూ ఇటూ ఊగుతూ. లోపల పట్టుకునే గ్రీజే లేదు.

బోల్టు విప్పుతూ అడిగాను. “ఒక మనిషికి వాళ్ళమ్మ గొంతు వినపడి, పెళ్ళాం గొంతు వినపడకపోవడం ఉంటుందా?”

“అది చాలా ఇళ్ళల్లో ఉంటుంది అక్కా” అని నవ్వింది. నేను నవ్వకపోయేసరికి నా మొహంలోకి చూసింది, తర్వాత బల్ల మీది సుత్తులూ రేకులూ అన్నీ చూసింది. గొంతు తగ్గించింది. “ఎప్పుడూ చప్పుడులో పనిచేసేవాళ్ళకి ముందు సన్నటివి పోతాయి. పిట్టలు, విజిళ్ళు, పిల్లల మాటలు, మనలాంటివాళ్ళ గొంతులు. బొంగురువి చాలాకాలం ఉంటాయి. వాళ్ళకే తెలియదు చాలాసార్లు. అవతలివాళ్ళు గొణుగుతున్నారనుకుంటారు.”

‘గొణక్కు’ అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో. నేను తలవంచుకుని పాత టెన్షనర్ బయటికి తీశాను. కొత్తది కూర్చోబెట్టి, బోల్టు చేత్తో ఎక్కించి బిగిస్తుండగా ఆయన వచ్చాడు.

గేటు దగ్గరే ఆగిపోయాడు. షాపాయన్ని, నర్సమ్మని, గ్రీజు చేతులతో బోనెట్‌లో ఉన్న నన్ను చూశాడు. “ఏం చేస్తున్నావు నువ్వు?” అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. పాత పుల్లీని తీసి ఆయన అరచేతిలో పెట్టి, ఆయన రెండో చేతి వేళ్ళని దాని మీద ఆనించి తిప్పాను. గరగర షెడ్డంతా వినపడింది. ఆయనకి మాత్రం వేళ్ళలోకి వెళ్ళింది. లోపల బేరింగు గుళ్ళు ఎండి రాసుకోవడం వేళ్ళకి తెలుస్తుంది, అంత మేస్త్రికి తెలియకుండా పోదు. ఇంకోసారి తనే తిప్పాడు. పుల్లీని చెవి దగ్గరికి తీసుకెళ్ళాడు, ఒక చెవికి, తర్వాత రెండో చెవికి. మొహం వాడిపోయింది.

“నాకు వినపడట్లేదు” అన్నాడు మెల్లగా, పుల్లీతో చెప్పుకున్నట్టు. నేను తప్ప ఎవరూ వినలేదు. ఆ మాట ఆయన నాతో ఎన్ని వందలసార్లు అని ఉంటాడో. చెప్పడం మాత్రం అదే మొదటిసారి. నా కళ్ళు నిండిపోయాయి. ఆ క్షణంలో ఆయన నన్ను పిలిచి ఏది అడిగినా ఇచ్చేసేదాన్ని.

షాపాయన స్టూలు మీంచి లేచాడు. “ఏం మేస్త్రీ, రెండు బెల్టులు తిన్నాక పుల్లీ అని ఎవరు పట్టారు?”

ఆయన నడుం నిటారుగా చేశాడు. పుల్లీని బల్ల మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు. “ఎవరు పడతారు? పొద్దున నేనే చెప్పి వెళ్ళాను, విప్పి ఉంచమని.”

నర్సమ్మ నా వైపు చూసింది. నేను బోల్టు బిగిస్తున్నాను. ఆయన దగ్గరకొచ్చి స్పానరు లాగి పట్టుకున్నాడు, నేను చాక్‌పీసు గీత చూసుకుంటూ బెల్టు ఎక్కించాను, గాడిలో గాడి పడిందో లేదో వేలితో తడిమి చూసుకున్నాను. బ్యాటరీ తీగ తగిలించి స్టార్ట్ చేస్తే కారు ఊపిరి కూడా వినపడనంత మెత్తగా నడిచింది. నర్సమ్మ డబ్బు ఆయనకే ఇచ్చింది. వెళ్ళేటప్పుడు మాత్రం గ్రీజుతో ఉన్న నా చేతిని అలాగే పట్టుకుని ఒకసారి నొక్కింది.

సాయంత్రం పెరట్లో సబ్బుపొడితో చేతులు తోముకుంటుంటే అత్తయ్య వచ్చి గట్టు మీద కూర్చుంది. గ్రీజు చేతులతో వంటింట్లోకి రావొద్దంటుందేమోననుకున్నాను. తొట్టిలోంచి చెంబు ముంచి పట్టుకుంది. తర్వాత అంది, “మీ మామయ్యకీ ఈ వయసుకే పోయాయి. ఈ షెడ్డులోనే. ఎవరితోనూ చెప్పనిచ్చేవారు కాదు.”

నేను తోమడం ఆపేశాను. వాళ్ళ నాన్న చెవి, అచ్చం ఆయనే అని వచ్చినవాళ్ళందరికీ చెప్పిన మనిషి.

“నా గొంతు పుట్టుకతో ఇలా లేదమ్మా” అంది. “నీ కంటే సన్నగా ఉండేది. పాటలు కూడా పాడేదాన్ని. ఆయనకి అరిచి అరిచి చెప్పి ఇలా అయింది. నువ్వూ అరవడం అలవాటు చేసుకో. కొన్నాళ్ళు నొప్పిగా ఉంటుంది, తర్వాత తెలియదు.”

చెంబుతో నా చేతుల మీద నీళ్ళు పోసింది. ఇన్నేళ్ళలో ఆవిడ నాకు చేసిన మొదటి పని అది. ఆవిడ పాటలు పాడేదట. ఆ పాటలు ఏమిటని అడుగుదామనుకున్నాను, అడిగితే ఆవిడ ఏడుస్తుందేమోనని భయమేసింది.

మర్నాడు పొద్దున ఒక పెద్ద కారు వచ్చింది. కొత్తవాళ్ళు, చెవి మేస్త్రి పేరు విని దూరం నుంచి వచ్చారు. బోనెట్ ఎత్తారు. నేను వంటింట్లో పాలు పొయ్యి మీద పెడుతున్నాను. ఇంజన్ నడుస్తోంది. అప్పుడు ఆయన గొంతు, ఇన్ని వారాల తర్వాత, “టీ పట్రా” అంది.

నిజం చెప్తాను, సంతోషమేసింది. నన్ను మళ్ళీ పిలిచాడు. ఒక మనిషి క్షమించమని అడగడానికి ఇంతకంటే ఏం చేస్తాడు అని కూడా అనిపించింది. పళ్ళెం తీశాను. గ్లాసులు పెట్టాను. గోడ అవతల ఆ కారు చప్పుడు తనకు తానే పేరు చెప్పుకుంటోంది, నాకు ఇక్కడికే తెలిసిపోయింది. అత్తయ్య పీట మీద కూర్చుని నా చేతుల వైపే చూస్తోంది. ఆవిడ గొంతు మీద నరాలు పైకి తేలి ఉన్నాయి. నేను పళ్ళెం దించేశాను. పొయ్యి కట్టేశాను. తడి చేతులు తుడుచుకుని, ఖాళీ చేతులతో తలుపు దాటాను.

ఆయన మొదట నా చేతుల్లోకి చూశాడు. పళ్ళెం కోసం వెతికి, తర్వాత నా పెదవుల వైపు చూశాడు, అలవాటుగా. వచ్చినవాళ్ళు పక్కకు జరిగి నాకు దారిచ్చారు. నేను ఆయన వీపు వెనక ఆగలేదు. బోనెట్ ముందుకి, ఆయనకి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“టీ తేలేదండీ. నేనే వచ్చాను” అన్నాను.

“ఏమిటీ?” అన్నాడు.

రెండోసారి చెప్పాను.